ఈసపు కథల చివరి నీతి: అసలుదా, తర్వాత చేర్చిందా?

(ఒక చర్చ. ప్రతి భాగానికీ పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

పాతపుటలు:

ఈసపు కథల్లో కొన్నిటిని ఎంచి, పదేళ్లు దాటిన పిల్లలు చదివేలా తిరగరాస్తున్నాను. కథతో చిక్కు లేదు. చిక్కంతా చివర్లో వచ్చే "ఈ కథలోని నీతి" దగ్గరే. కప్పలు తమకో రాజు కావాలని అడిగితే దేవుడు ముందు ఒక దుంగను, అది నచ్చకపోతే వాటిని తినేసే నీటిపామును పంపిన కథకు ఒక పుస్తకం "ఉన్నదానితో తృప్తిపడాలి" అంటుంది. ఇంకోటి "దుర్మార్గుడైన రాజు కన్నా చేతకాని రాజే నయం" అంటుంది. ఈ రెండూ ఒకటి కాదు కదా. ఇక తోడేలు, గొర్రెపిల్ల కథకైతే ఏ నీతి రాసినా అతకడం లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఈ నీతివాక్యాలు ఈసపువేనా? కాకపోతే ఎవరు చేర్చారు, ఎందుకు? ఉన్నవాటిలో ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?

మార్జిన్‌లో:

ముందు చరిత్ర సంగతి. ఈసపు స్వయంగా రాసింది అని చెప్పదగ్గ వాక్యం ఒక్కటీ మనకు దక్కలేదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఆయన్ని కథలు చెప్పేవాడిగా పేర్కొన్నాడు. సామోస్ ద్వీపంలో ఇయాడ్మోన్ అనేవాడి దగ్గర బానిసగా ఉన్నాడని, ఆయన చావుకు డెల్ఫీ వాళ్లు పరిహారం కట్టాల్సి వచ్చిందని రాశాడు. కథలన్నీ ఒకచోట చేర్చిన తొలి సంకలనం క్రీ.పూ. 300 ప్రాంతంలో ఫలేరోన్ వాడైన డెమెట్రియస్ చేశాడు. అది పోయింది. మన చేతికి చేరినవాటిలో ముఖ్యమైనవి మూడు: క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన ఫేడ్రస్ లాటిన్ పద్యాలు, బాబ్రియస్ గ్రీకు పద్యాలు, ఆగస్టానా అని పేరుపడ్డ గ్రీకు వచన సంకలనం. క్రీ.పూ. 6వ శతాబ్దపు మనిషికీ వీటికీ మధ్య దాదాపు ఆరు వందల ఏళ్ల ఎడం ఉంది. కాబట్టి నీతివాక్యం ఒక్కటే ఈసపుది కాదని పక్కన పెట్టి, కథ మాత్రం ఆయనదే అనుకోవడానికీ వీల్లేదు.

నీతివాక్యం రెండు చోట్ల వస్తుంది. కథకు ముందు వస్తే ప్రోమిథియం, వెనక వస్తే ఎపిమిథియం. మొదట పుట్టింది ముందుండేదేనని ఈ కథల పాఠాలను పరిశోధించిన పండితుడు బెన్ ఎడ్విన్ పెర్రీ వాదన. ఆయన చెప్పిన కారణం నాకు బలంగానే కనిపిస్తుంది. పాత సంకలనాలు పిల్లల కోసం చేసినవి కావు. సభలో మాట్లాడేవాడికో, రాసేవాడికో సమయానికి తగిన కథ చప్పున దొరకాలి. అందుకే కథకు పైన "మేలు చేసినవాడికే కీడు తలపెట్టేవాడి మీద ఈ కథ చెప్పవచ్చు" అన్న తరహాలో ఒక చీటీ లాంటి వాక్యం ఉండేది. అది కథలోంచి పిండిన సారం కాదు, కథను ఎక్కడ వాడుకోవచ్చో చెప్పే సూచన. రానురాను అదే కథ చివరికి జారి, "ఈ కథ తెలియజేసేదేమంటే" అనే మాటతో మొదలయ్యే ఎపిమిథియంగా స్థిరపడింది.

వాడుక ఎలా ఉండేదో అరిస్టాటిల్ తన వక్తృత్వశాస్త్రం (రెటరిక్) రెండో భాగంలో రెండు ఉదాహరణలతో చూపించాడు. హిమెరా ప్రజలు ఫలారిస్‌ను సర్వాధికారాలున్న సేనాపతిగా ఎన్నుకుని, అంగరక్షకులను కూడా ఇవ్వబోతున్నారు. అప్పుడు స్టెసికోరస్ అనే కవి గుర్రం కథ చెప్పాడు. పచ్చికబయలు అంతా గుర్రానిదే. జింక వచ్చి మేత పాడుచేసింది. దాన్ని శిక్షించడానికి సాయం చెయ్యమని గుర్రం మనిషిని అడిగింది. కళ్లెం వేయించుకుని, ఈటెలు పట్టుకున్న తనను వీపు మీద ఎక్కించుకుంటే చేస్తానన్నాడు మనిషి. ఎక్కాడు. జింక సంగతేమో గానీ గుర్రం మాత్రం అతనికి బానిసైంది. "కళ్లెం ఇప్పటికే వేయించుకున్నారు, ఇక వీపు మీదికి ఎక్కనిస్తే అంతే" అన్నాడు స్టెసికోరస్. రెండోది ఈసపుదే. సామోస్‌లో ప్రాణం మీదికొచ్చిన ఒక ప్రజానాయకుడి తరఫున చెప్పాడు. గోతిలో పడ్డ నక్కకు ఒళ్లంతా పిడుదులు పట్టాయి. జాలిపడి ముళ్లపంది తీసేస్తానంటే నక్క వద్దంది: "వీటి కడుపు నిండింది, ఇక తాగేది కొంచెమే. వీటిని తీసేస్తే ఆకలి మీదున్న కొత్తవి వచ్చి మిగతా నెత్తురంతా తాగేస్తాయి." ఈ నాయకుడు ఇప్పటికే డబ్బు చేసుకున్నాడు, ఇతన్ని చంపితే లేనివాళ్లు వచ్చి ఖజానా ఊడుస్తారు అన్నది దాని అన్వయం. పిల్లల పుస్తకంలో దీన్ని ఏ నీతి కింద వేస్తాం? ఆ రోజు, ఆ సభ, ఆ మనిషి ఉంటేనే ఆ కథకు పదును.

రెండోచదువు:

మార్జిన్‌లో గారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను పద్ధతి దగ్గరికి వస్తాను. నీతివాక్యాన్ని మొదట చేత్తో మూసేయండి. కథలో చివరి మాట ఎవరిదో చూడండి. ఆగస్టానా కథలు చాలావరకు పొట్టివి, కొన్ని రెండు మూడు వాక్యాలే. వాటిలో తరచుగా కనిపించే అమరిక ఇది: ఒక పరిస్థితి, అందులో ఒకరు తీసుకున్న నిర్ణయం, దాని ఫలితం, దాని మీద ఒక పాత్ర నోటివెంట వచ్చిన ఆఖరి మాట. అసలు బరువంతా ఆ ఆఖరి మాట మీదే ఉంటుంది. అది గెలిచినవాడిదా, ఓడినవాడిదా, చూస్తున్నవాడిదా అన్నది రాసుకోండి. నిర్ణయం ఎవరిదో కూడా రాసుకోండి. అప్పుడు మీ నీతి ఒక్క వాక్యంలో రాసి, ఆ తర్వాతే చెయ్యి తీసి పాతదానితో పోల్చండి. రెండూ వేరే పాత్ర వైపు చూస్తుంటే అక్కడ ఏదో మారిందన్నమాట.

డేగ, నైటింగేల్ అనే పాటల పిట్ట కథ దీనికి మంచి పరీక్ష. గ్రీకులో మనకు దొరికిన జంతుకథల్లో అన్నిటికన్నా పాతది, ప్రాచీన కవి హీసియడ్ రాసిన "పనులు, రోజులు" కావ్యంలో 202 నుంచి 212 పంక్తుల్లో ఉంది. డేగ పిట్టను గోళ్లతో పట్టుకుని మబ్బుల్లోకి ఎగురుతోంది. పిట్ట ఏడుస్తుంది. డేగ అంటుంది: "నీకన్నా ఎంతో బలవంతుడి చేతిలో ఉన్నావు. ఎంత పాటగత్తెవైనా నేను తీసుకెళ్లిన చోటికి రావలసిందే. తనకన్నా బలవంతుడితో తలపడేవాడు బుద్ధిహీనుడు." చివరి మాట డేగదే. అక్కడితో ఆపి నీతి రాస్తే "బలవంతుడికి లొంగిపో" అని తేలుతుంది. కానీ హీసియడ్ అక్కడ ఆపలేదు. వెంటనే సోదరుడు పెర్సెస్ వైపు తిరిగి, నువ్వు న్యాయం మాట విను, దౌర్జన్యాన్ని పెంచకు అంటాడు. ఇంకో అరవై పైచిలుకు పంక్తుల తర్వాత అసలు ముడి విప్పుతాడు: చేపలు, మృగాలు, పిట్టలు ఒకదాన్నొకటి తినాలని గ్రీకుల దేవరాజు జ్యూస్ విధించాడు, ఎందుకంటే వాటిలో న్యాయం లేదు, మనుషులకు మాత్రం న్యాయం ఇచ్చాడు. అంటే డేగ మాట డేగల లోకానికే చెల్లుతుంది. లంచాలు మింగి తీర్పు చెప్పే పెద్దల ఎదుట చెప్పిన కథ అది. 202వ పంక్తిలోనే "ఇది రాజులకు చెబుతున్నాను" అని ఉంది.

అవే రెండు పిట్టలు ఆగస్టానాలో ఏమయ్యాయో చూడండి. పాటల పిట్ట ఓక్ చెట్టు మీద కూర్చుని పాడుతుంటే, తిండి దొరకని డేగ వచ్చి పట్టుకుంది. "నాతో నీ కడుపు నిండదు, పెద్ద పిట్టలను వెతుక్కో" అని అది బతిమాలింది. "చేతిలో ఉన్న తిండి వదిలి, ఇంకా కంటపడని దాని వెంట పరిగెత్తితే నా అంత తెలివితక్కువది ఉండదు" అంది డేగ. నీతి: ఎక్కువ వస్తుందన్న ఆశతో చేతిలో ఉన్నది వదులుకునేవాళ్లు అవివేకులు. న్యాయం గొడవే లేదు. బాధితురాలి కథ కాస్తా బేరం కథ అయిపోయింది. ఈ రెండిట్లో ఏది "అసలు నీతి" అని అడిగితే జవాబు రాదు. అవి రెండు వేరు వేరు కథలు, పాత్రలు మాత్రమే ఒకటి. హీసియడ్ కథకు ఆగస్టానా నీతి అంటించడమే తప్పు. ఆధునిక సంకలనాల్లో ఇలాంటి అతుకులు చాలానే ఉంటాయి.

ఒక కథకు ఒకే నీతి ఉండాలన్న పట్టుదల ప్రాచీనులకు లేదు. గ్రీకు బడుల్లో వక్తృత్వ శిక్షణ జంతుకథతోనే మొదలయ్యేది. పాఠాలు రాసిన థియోన్ ఒకే కథకు చాలా ముగింపులు రాయవచ్చనీ, ఒకే ముగింపుకు చాలా కథలు కుదురుతాయనీ స్పష్టంగా చెప్పాడు, దాన్నే అభ్యాసంగా పెట్టాడు కూడా. మీ పిల్లలతోనూ ఇది చేయించవచ్చు: నీతి లేకుండా కథ ఇచ్చి, ఇద్దరిని రెండు వేర్వేరు ముగింపులు రాయమనండి.

ఇసుకగడియారం:

కొన్ని కథలకు అచ్చులో తిరుగుతున్న నీతులు ఎక్కడ పక్కకు పోయాయో చెబుతాను.

తాబేలు, కుందేలు. "నిదానమే ప్రధానం" అన్నది గ్రీకు పాఠంలో లేదు. శ్రద్ధ పెట్టని సహజ ప్రతిభను శ్రమ చాలాసార్లు ఓడిస్తుంది అన్నది అక్కడి మాట. వేలు కుందేలు వైపు ఉంది. తాబేలు నిదానంగా ఉండి గెలవలేదు, తన నడక నిదానమని తెలిసి ఆగకుండా పరిగెత్తి గెలిచింది. నిదానాన్నే మెచ్చుకుంటే కుందేలు నిద్రపోకపోయినా తాబేలే గెలిచేదన్న అర్థం వస్తుంది. పిల్లలు దీన్ని వెంటనే పట్టేస్తారు.

నక్క, ద్రాక్ష. అందని దాన్ని తిట్టడం వరకే అందరూ చెబుతారు. గ్రీకు ఎపిమిథియం ఇంకొంచెం పదునుగా ఉంది: తమ అశక్తత వల్ల పని కానివాళ్లు సమయం మీద నెపం వేస్తారు. నక్క కాయలు పచ్చివి అంది, అంటే ఇంకా వేళ రాలేదు అంది. ఆ రెండూ అక్కడ చక్కగా అమరాయి. దీన్ని "అసూయ పడకూడదు" అని రాసిన పుస్తకాలున్నాయి. ద్రాక్ష ఇంకెవరి చేతిలోనూ లేదు, అసూయ ఎవరి మీద?

చీమ. ఇలకోడి ఆకలితో వచ్చి అడిగితే వేసవిలో పాడావుగా, చలికాలంలో ఆడుకో అన్న చీమ మనందరికీ తెలుసు. ఇదే సంప్రదాయంలో ఇంకో కథ ఉంది: చీమ ఒకప్పుడు మనిషి, రైతు. తన పంటతో తృప్తిలేక పక్కవాళ్ల పంట దొంగిలించేవాడు. జ్యూస్ కోపగించి చీమను చేశాడు. రూపం మారింది గానీ బుద్ధి మారలేదు, ఇప్పటికీ ఊళ్లో పొలాలన్నీ తిరిగి ఇతరుల గోధుమలు, బార్లీ మోసుకుపోతూనే ఉంది. పక్కపక్కన వేస్తే చాలా బాగుంటుంది. జంతువుకు ఒక గుణం శాశ్వతంగా అంటించేశారన్న భ్రమ పోతుంది.

పిల్లి మెడలో గంట కథ మీ జాబితాలో ఉంటే తీసేయండి, లేదా విడిగా వేయండి. అది ప్రాచీన గ్రీకు కథ కాదు, మధ్యయుగపు లాటిన్‌లో కనిపిస్తుంది.

ఏ కథ ఏ పాఠమో చూసుకోడానికి పెర్రీ సంఖ్య పట్టుకోండి. ఆయన 1952లో వేసిన సంకలనంలో ప్రతి కథకూ సంఖ్య ఇచ్చాడు, పండితులంతా దాన్నే వాడతారు. నక్క, ద్రాక్ష 15. కప్పలు, రాజు 44. తోడేలు, గొర్రెపిల్ల 155. దొంగ చీమ 166. తాబేలు, కుందేలు 226. ఇలకోడి, చీమ 373. పేర్లు అనువాదానికో రకంగా మారతాయి, సంఖ్య మారదు.

పాతపుటలు:

అందరికీ ధన్యవాదాలు. చివరి మాట ఎవరిదో చూడమన్న సూచనతో కొన్ని కథలు ఇప్పటికే తేలాయి. కప్పలు, తోడేలు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి. తోడేలు కథలో చివరి మాట తోడేలుదే. అది పిల్లలకు ఏమని చెప్పను?

మార్జిన్‌లో:

కప్పల కథకు మీరు చూసిన రెండో నీతి ఆగస్టానాది: గొడవపెట్టే దుష్టుల కన్నా మందకొడి పాలకులే మేలు. ఫేడ్రస్ దాన్ని ఏథెన్స్‌లో పెట్టాడు. నియంత పిసిస్ట్రాటస్ కోటను ఆక్రమించాడు, జనం మొరపెట్టుకుంటున్నారు, ఈసపు ఈ కథ చెప్పి "ఇంతకన్నా పెద్ద కీడు రాకుండా ఈ కీడునే భరించండి" అన్నాడు. గమనించండి, పిసిస్ట్రాటస్ మంచివాడని ఎక్కడా అనలేదు. "తృప్తిపడాలి" అన్న నీతి ఈ రాజకీయాన్నంతా తుడిచేసింది. కథకు ముందు రెండు వాక్యాల్లో ఏథెన్స్ సందర్భం రాస్తే నీతివాక్యం అవసరమే ఉండదు. దుంగ చెరువులో పడ్డప్పటి చప్పుడుకు కప్పలు అడుగుకు పోవడం, అది కదలదని తెలిశాక ఎక్కి కూర్చోవడం వదలకండి. భయం చులకనగా మారే ఆ మలుపే కథకు ప్రాణం.

తోడేలు కథ అతకకపోవడానికి కారణం క్రియాపదంలో ఉందని నా అభిప్రాయం. మన పుస్తకాల్లో నీతి అంటే "చేయాలి", "చేయకూడదు" అని ముగుస్తుంది. గ్రీకు ఎపిమిథియం చాలాసార్లు ఆజ్ఞ కాదు, లోకం ఇలా ఉంది అని చూపే వాక్యం. 155వ కథకు అక్కడున్నది ఇది: అన్యాయం చెయ్యాలని ముందే నిశ్చయించుకున్నవాళ్ల దగ్గర న్యాయమైన సమాధానం కూడా పనిచేయదు. దీన్ని "చేయాలి"లోకి మార్చబోతే "దుష్టులతో వాదించకూడదు" అవుతుంది, తప్పు గొర్రెపిల్ల మీద పడుతుంది. మారుస్తున్నవాళ్లంతా ఇక్కడే పడిపోతున్నారు.

అందుకే వాదనను ఒక్కో మెట్టూ ఉన్నది ఉన్నట్టు ఉంచండి. నీళ్లు బురద చేశావు అని తోడేలు అంటే, నేను పెదవుల కొసతో తాగుతున్నాను, పైగా నీకు దిగువన ఉన్నాను, దిగువనుంచి ఎగువ నీళ్లు కదిలించలేను అంటుంది. కిందటేడు మా నాన్నను తిట్టావు అంటే, నాకింకా ఏడాదే నిండలేదు అంటుంది. రెండు నెపాలు, రెండిటికీ తిరుగులేని జవాబులు. "నీ దగ్గర సమాధానాలకు కొదవ లేకపోయినా నిన్ను తినకుండా వదులుతానా" అన్నది ఆఖరి మాట. ఇక్కడ గొర్రెపిల్లతో ఏడిపించకండి, బతిమాలించకండి. చాలా తిరగరాతల్లో ఆ కన్నీళ్లు వస్తాయి. అవి వస్తే జాలి మిగులుతుంది, వాదనలో గెలిచిందన్న సంగతి మరుగునపడుతుంది. తర్వాత పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: తినాలని ముందే అనుకున్న తోడేలు అసలు నెపాలు వెతకడం ఎందుకు? గ్రీకు పాఠం మొదటి వాక్యంలోనే, అది సరైన కారణంలా కనిపించేదేదో చూపి తినాలనుకుంది అని ఉంది. పదేళ్లు దాటినవాళ్లు దీని మీద అరగంట మాట్లాడగలరు.

రెండోచదువు:

దానికి ఒక్కటి చేరుస్తాను. ఎపిమిథియం వేస్తే దాన్ని కథలో కలిపేయకుండా కింద విడిగా, చిన్న అక్షరాల్లో, "ఆగస్టానా ముగింపు" లేదా "ఫేడ్రస్ ముగింపు" అని పేరుతో వేయండి. కప్పల కథకు రెండూ వేయవచ్చు.