మా మాం జక్షత రక్షత: జనా, యనా?

పాదపూరణం: జాన్ స్కాల్జీ 2022 నవల 'ది కైజు ప్రిజర్వేషన్ సొసైటీ' పేరుకు తెలుగు చెయ్యాలి. కైజు అంటే గోజిరా లాంటి జపాను సినిమాల భారీ మృగం. హాస్యం చావకూడదు. 'రాక్షస రక్షణ సంఘం' అనుకున్నాక భాగవతంలో బ్రహ్మ మాట ఒకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. 'మా మాం యక్షత రక్షత'. యక్షత అనేనా?

బండి ఱ: జక్షత. తృతీయ స్కంధం, 20వ అధ్యాయం. 'దేవస్తానాహ సంవిగ్నో మా మాం జక్షత రక్షత'. ఆకలిగొన్న మూక అంతకు ముందే 'మా రక్షతైనం జక్షధ్వమ్' అంటూ మీద పడుతుంది. వీణ్ని కాపాడొద్దు, తినెయ్యండి అని. బ్రహ్మ ఆ మాటనే తిరగేసి అప్పజెప్పాడు, నన్ను తినకండి, కాపాడండి అని. మొదటి మా 'వద్దు', రెండో మాం 'నన్ను'. రక్షత, జక్షత తారుమారైతే బ్రహ్మ పళ్లెంలో ఉంటాడు, ఛందస్సు మాత్రం నిక్షేపంగా ఉంటుంది: అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు, ఎటు తిప్పినా అంతే.

ద్రుతం: జనా యనా అని కొట్టుకుంటున్నారు గానీ అసలు తేడా దాని పక్కక్షరంలో ఉంది. జక్ష్ అదాది ధాతువు, అందులోనూ రుదాది. రుద్, స్వప్, శ్వస్, అన్, జక్ష్ అయిదింటికీ 'రుదాదిభ్యః సార్వధాతుకే' (పాణిని సూత్రం 7.2.76) ఇడాగమం తెస్తుంది, అంటే ప్రత్యయం ముందు 'ఇ' (ఇట్టు) చేరుస్తుంది. రుదిత, స్వపిత లాగే జక్షిత. క్ష కాదు, క్షి ఉండాలి. 'క్షి' పెట్టినా లఘువే కాబట్టి గణం అడ్డు రాదు.

బండి ఱ: ఆర్షం, ఋషి వాడాడు కాబట్టి చెల్లుతుంది అనుకుని ఊరుకోరాదూ?

ద్రుతం: ఊరుకోను, నా దగ్గర సిద్ధాంతం ఉంది. 'సంవిగ్నః' అని కవే చెప్పాడు గదా. బెదిరిన మనిషి నోట ఇట్టు జారిపోయింది.

వలపలగిలక: బ్రహ్మకి భయం, బాగానే ఉంది. మరి జక్షధ్వమ్ అన్నవాళ్ల సంగతి? అక్కడ ఇట్టూ లేదు, పైగా పరస్మైపది ధాతువుకి ఆత్మనేపదం, అంటే దానికి చెల్లని ప్రత్యయం. వాళ్లకేం భయం?

ద్రుతం: వాళ్లకి ఆకలి.

వలపలగిలక: సరే. ధాతుపాఠంలో జక్ష్‌కి ఇచ్చిన అర్థం ఎవరూ ఎత్తలేదేం? 'జక్ష భక్షహసనయోః'. తినడం, నవ్వడం, రెండూ. భారీ మృగాల మీద హాస్య నవలకి ఇంతకంటే ఏం కావాలి? 'మా మాం జక్షత' అంటే 'నన్ను తినకండి' అనీ అవుతుంది, లాగి పీకితే 'నన్ను చూసి నవ్వకండి' అనీ అవుతుంది.

బండి ఱ: మాం అనే కర్మ పక్కనుండగా నవ్వు పొసగదు. లాగొద్దు.

వలపలగిలక: లాగుతున్నానని నేనే అన్నాను. పాదపూరణం గారూ, మీకు య ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. రామాయణం ఉత్తరకాండ 4వ సర్గ. బ్రహ్మ నీళ్లు సృష్టించి కాపాడమంటే 'రక్షామ' అన్నవాళ్లు రాక్షసులు, 'యక్షామ' అన్నవాళ్లు యక్షులు. 'రక్షామ ఇతి యైరుక్తం రాక్షసాస్తే భవంతు వః'. రెండు గ్రంథాలూ కలిపి తాగేశారు. మీ శీర్షికకి ఇదే మేలు: కాపాడతామన్నవాడే రాక్షసుడు!

పాదపూరణం: దణ్ణం. అయితే శీర్షిక ఖాయమా?

అరసున్న: కాదు. కైజులో కై అంటే వింత, జు అంటే మృగం. రాక్షసుడు మాట్లాడతాడు, తపస్సు చేస్తాడు, వరాలడుగుతాడు. ఈ నవల్లోది ఒంట్లో అణు రియాక్టర్ పెట్టుకుని, ఒంటినిండా పరాన్నజీవుల్ని మోస్తూ తిరిగే జంతువు. రాక్షసుడంటే ఎవరో ఒకణ్ని చంపి తీరాల్సిన కథ అయిపోతుంది. 1954 గోజిరా పేరే చూడండి, గొరిల్లాలో సగం, కుజిరాలో సగం. కుజిరా అంటే తిమింగిలం. 'గి' గమనించాలి, 'గ' కాదు. తిమి అనే పెద్ద చేపని గిలించేది, మింగేది.

ద్రుతం: జనం తిమింగలం అంటారు, అదే తెలుగు. సంస్కృతం సంస్కృతంలో ఉండనివ్వండి. ఇక రాక్షస రక్షణ మీద నా ఓటు ఎందుకంటే సమాసం విప్పితే రెండు తలలు. షష్ఠి అయితే రాక్షసులకి రక్షణ, పంచమి అయితే రాక్షసుల నుంచి రక్షణ. నవల్లో సంఘం ఆ రెండు పనులూ చేస్తుంది. 'పరిరక్షణ సమితి' మాత్రం వద్దు. టెంటు, నిరాహార దీక్ష కళ్లముందు కొస్తాయి.

వలపలగిలక: పెద్ద జంతువుల్ని కాపాడే కథకి మన దగ్గర పోతన ఉండగా జపాను దాకా దేనికి?

కరి దిగుచు మకరి సరసికి
కరి దరికిని మకరి దిగుచు కరకరి బెరయన్
గరికి మకరి మకరికి గరి
భర మనుచును నతల కుతల భటు లదిరిపడన్

64 మాత్రల కందంలో 60 లఘువులు, 2 గురువులే, ఆ రెండూ కూడా పాదాంతాల్లో. అంత బరువైన రెండు జంతువులు గుంజుకుంటుంటే పద్యంలో బరువన్నదే లేదు! పైగా విష్ణువు ఏనుగునొక్కదాన్నే కాపాడి ఊరుకోలేదు. మొసలి దేవలుడి శాపం తగిలిన హూహూ గంధర్వుడు, వాడికీ విముక్తి.

బండి ఱ: లదిరిపడన్ కాదు, లదరిపడన్.

వలపలగిలక: రెండూ లఘువే. వెళ్లి పడుకోండి.

అరసున్న: దాని మాట తర్వాత. మొదటి రెండు పాదాల్లో అరసున్న ఎగ్గొట్టారు. కరిఁ దిగుచు, మకరిఁ దిగుచు. అరసున్న ఉంటేనే ద్వితీయ: మొసలి కరిని సరసులోకి లాగుతోంది, కరి మకరిని ఒడ్డుకి లాగుతోంది. తీసేస్తే ఎవరు ఎవర్ని లాగుతున్నారో చెప్పండి చూద్దాం.

వలపలగిలక: సరసికి, దరికిని అని ఉన్నాయిగా. మొసలి ఒడ్డుకి లాగదు. పైగా తిగుచు దిగుచు అయిందంటేనే ముందు ద్రుతం ఉన్నట్టు.

ద్రుతం: నా పేరు పెట్టి సాక్ష్యం చెప్పకండి. ద్రుతం మీద సరళాదేశం వచ్చినా దిగుచే, ప్రథమ మీద చిన్నయసూరి గసడదవలు వచ్చినా దిగుచే. ద చూసి ఏదీ తేలదు.

అరసున్న: అందుకే సున్న రాయమంటున్నాను.

పాదపూరణం: శీర్షిక రేపు పంపాలండీ...

బండి ఱ: పంపండి. ఈలోగా లదరిపడన్ సంగతి తేలుద్దాం.