అప్‌డేట్: చివరికి ఎల్‌సీడీయే తీసుకున్నాం

తిరుపతిలో మా హాలుకు ఓఎల్‌ఈడీ టీవీ మంచిదా, ఎల్‌సీడీ టీవీనా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మినీ ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు) ఉన్న 55 అంగుళాల ఎల్‌సీడీ తీసుకున్నాం. షోరూంలో ఓఎల్‌ఈడీ నలుపు చూసి మనసు లాగింది, నిజమే. అందులో ప్రతి పిక్సెల్ (బొమ్మలోని చిన్న చుక్క) తనే వెలుగుతుంది, నలుపు దగ్గర పూర్తిగా ఆరిపోతుంది. కానీ మా అమ్మ సుప్రభాతం మొదలు రాత్రి దాకా ఎస్వీబీసీ భక్తి ఛానల్ పెట్టే ఉంచుతుంది. లోగో అలా ఒకే మూలన కదలకుండా ఉంటే అక్కడి పిక్సెల్స్ వేరేగా అరిగి, మచ్చ పడిపోవచ్చని మీలో ఒకరు చెప్పారు. ఆ టెన్షన్ మాకొద్దనుకున్నాం. పైగా పొద్దున కిటికీ ఎండ నేరుగా హాల్లోకి కొడుతుంది, అయినా బొమ్మ బాగా కనిపిస్తోంది. రాత్రి లైట్లు ఆర్పితే మాత్రం తెల్లటి సబ్‌టైటిల్స్ చుట్టూ కాస్త వెలుగు పాకుతుంది. చీకట్లో సినిమాలు చూసేవాళ్లు ఓఎల్‌ఈడీకే వెళ్లండి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.