స్లైడ్ అవుట్ ఉన్న మోటార్‌హోమ్ కొనాలా, లేనిది కొనాలా?

కొత్తబండి:
అందరికీ నమస్కారం. మేము అమెరికాలో షార్లెట్‌లో ఉంటాము. మే నెలలో అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఆరు నెలలకు వస్తున్నారు. పిల్లలిద్దరినీ, వాళ్లిద్దరినీ ఎక్కించుకుని ఎల్లోస్టోన్ పార్కు దాకా వెళ్లి రావాలని, పాత మోటార్‌హోమ్, అంటే లోపలే వంటగది, పడకలు ఉన్న బండి, ఒకటి కొందామని చూస్తున్నాము. రెండు బండ్లు తేలాయి. రెండూ ఫోర్డ్ ఇ-450 చాసిస్ మీద కట్టినవే. ఒకటి 31 అడుగులు, డ్రైవరు వైపు స్లైడ్ ఉంది. బండి ఆగాక మీట నొక్కితే సోఫా, భోజనం బల్ల ఉన్న గోడ మొత్తం రెండున్నర అడుగులు బయటికి జరుగుతుంది. రెండోది 28 అడుగులు, స్లైడ్ లేదు. ధరలో పెద్ద తేడా లేదు. మావారికి మొదటిది నచ్చింది, నాకు భయంగా ఉంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బాటసారి:
స్లైడ్ ఉన్నది కొనకండి. దాన్ని గది అని అమ్ముతారు గాని, అది సొరుగు. నిలబడి ఉన్న గోడలో పది అడుగుల కన్నం కోసి, అందులో సొరుగు పెట్టి, చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, వాన లోపలికి రాదులే అనుకోవడం.

నా మొదటి బండికి ఇలాంటివి రెండు ఉండేవి. మూడో ఏడు నవంబరులో టెక్సస్‌లో అమరిల్లోలో ఆగాము. రాత్రంతా సన్నని వాన, తెల్లారేసరికి గడ్డకట్టింది. సొరుగు పైకప్పు మీద వేలి మందాన మంచు. మీట నొక్కితే ముందు కొస కదిలింది, వెనక కొస కదల్లేదు. వంకరగా ఇరుక్కుపోయింది. 11 గంటలకు చోటు ఖాళీ చేయాలి. నేను నిచ్చెన మీద, మా ఆవిడ కింద గిన్నెలతో గోరువెచ్చని నీళ్లు అందిస్తూ, రెండున్నర గంటలు. పక్క బండి వాళ్లు కాఫీ తాగుతూ చూశారు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. వసంతంలో సొరుగు కింద నేల మూలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. పిడి దాకా దిగిపోయింది. చెక్క టీలో ముంచిన రస్కులా ఉంది. కంపెనీ వాళ్లు గ్యారంటీ కాలం దాటిపోయిందన్నారు.

గోదారిగట్టు:
బాటసారి గారూ, రబ్బరు పట్టీకి ఏడాదికి రెండుసార్లు మందు రాశారా? పైన గుడ్డ పందిరి వేయించారా? వేయించకుండా మంచును తిడితే ఎలా?

అమ్మా కొత్తబండీ, నాది 34 అడుగుల బండి, మూడు స్లైడ్లు, తొమ్మిదేళ్లుగా ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. నేనూ, మా ఆవిడా ఏటా ఒహాయోలో చలి మొదలవగానే దిగివచ్చి టెక్సస్‌లో రియో గ్రాండే లోయలో నాలుగైదు నెలలు ఉంటాము. మాలాంటి వాళ్లను అక్కడ వింటర్ టెక్సన్లంటారు. స్లైడ్ తెరిస్తే నలుగురు కింద కూర్చుని విస్తళ్లు వేసుకోవచ్చు. మూస్తే ఒకరు లేస్తేనే ఇంకొకరు నడవగలిగేది. మీరు ఆరుగురు. ఆ రెండున్నర అడుగులే లేకపోతే నాలుగో రోజుకు ఎవరు ఎవరితో మాట్లాడకుండా ఉంటారో నేను చెప్పనక్కర్లేదు.

రాత్రిబస్సు:
స్లైడ్ ఉంటే యూటాలో జైయన్ పార్కు సొరంగంలోకి రానివ్వరని విన్నాను.

నట్టుబోల్టు:
దానికి స్లైడ్‌తో సంబంధం లేదు. మూసిన స్లైడ్ బండి వెడల్పును పెంచదు. ఆ సొరంగం 1930 నాటిది, అప్పటి కార్లకు తవ్వింది. అద్దాలతో కలిపి 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటినా, ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు దాటినా పెద్ద బండి కిందే లెక్క. మేము 2022లో వెళ్లినప్పుడు 15 డాలర్లు కట్టించుకుని, ఎదురు వచ్చేవాళ్లను ఆపి, మధ్యగా పంపారు. స్లైడ్ లేని మోటార్‌హోమ్‌లు కూడా దాదాపు ఏవీ ఆ కొలతలో పట్టవు.

ఇక అసలు విషయం. అందరూ స్లైడ్ అని ఒకే మాటగా అంటున్నారు. పళ్ల చక్రం, పళ్ల కడ్డీతో నడిచేది ఒకటి. నూనె ఒత్తిడితో నడిచేది ఒకటి, అది పెద్ద బండ్లలో, బరువైన గదులకు. తీగలతో లాగేది ఒకటి. గోడలోనే ఇమిడి, అటొక చిన్న మోటారు, ఇటొక చిన్న మోటారు ఉండేది ఇంకొకటి. ఈ చివరిదానిలో రెండు మోటార్లు కలిసి అడుగు వేయాలి. ఒకటి వెనకబడితే బాటసారి గారు చెప్పినట్టు వంకరపోతుంది. అందుకే గది పూర్తిగా వచ్చాక కూడా మీట మీద వేలు తీయకుండా ఇంకో మూడు నాలుగు క్షణాలు నొక్కి ఉంచాలి. అప్పుడు రెండూ మళ్లీ సమానమవుతాయి. చాలామంది గది ఆగీ ఆగగానే వేలు తీసేస్తారు. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు నొక్కడం ఇంకో తప్పు.

కొత్తబండి గారూ, తలుపు దగ్గర బరువు చీటీ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో దాని మీద రాసి ఉంటుంది. రెండు బండ్లదీ చూసి ఇక్కడ పెట్టండి.

బాటసారి:
మందు రాశాను. పందిరీ ఉంది. ఆ పందిరి గాలికి రాత్రంతా టపటపమని కొట్టుకుంటే నిద్ర పట్టక, రెండు గంటలకు లేచి సొరుగు మూసిన రాత్రులు ఎన్నో. గది తెరవడానికి కొన్నాము, గాలికి మూసుకున్నాము. అయినా గోదారిగట్టు గారిని ఒకటే అడుగుతాను. సొరుగు మూసి ఉన్నప్పుడు మీ ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా?

గోదారిగట్టు:
తెరుచుకుంటుంది.

బాటసారి:
పూర్తిగానా?

గోదారిగట్టు:
పాలడబ్బా తీసుకునేంత.

బాటసారి:
అంటే పూర్తిగా కాదు.

మౌనముని:
పాలడబ్బా వస్తే చాలదా స్వామీ?

కొత్తబండి:
చీటీలు చూశాము. స్లైడ్ ఉన్నదానికి 1,310 పౌండ్లు. లేనిదానికి 2,140. ఇంత తేడా ఎందుకు?

నట్టుబోల్టు:
మోటార్లు, పట్టాలు, ఇంకో నేల, ఇంకో కప్పు, వాటికి తోడు మూడు అడుగుల ఎక్కువ పొడవు. చక్రాల మీద పడగల మొత్తం బరువు మాత్రం ఇ-450 కింద రెండు బండ్లకూ ఒకటే, 14,500 పౌండ్లు. ఇల్లు బరువెక్కిన కొద్దీ మీకు మిగిలేది తగ్గుతుంది.

లెక్క వేద్దాము. ఆరుగురు, పిల్లలతో కలిపి 820 అనుకుందాం. 1,310లో పోను 490. మంచినీళ్ల తొట్టి 40 గ్యాలన్లు అయితే, గ్యాలన్‌కు 8.3 చొప్పున 332. మిగిలింది 158 పౌండ్లు. అందులోనే బట్టలు, గిన్నెలు, కుర్చీలు, కుక్కరు, ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, అమ్మగారు గుంటూరు నుంచి తెచ్చే పచ్చళ్లు. గ్రైండరు ఇంట్లో వదిలేయండి. తొట్టి సగమే నింపి, దిగిన చోట నింపుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. కానీ తెలిసి చేయాలి.

విశాలాక్షి:
పచ్చళ్లకు రెండు సీసాలు చాలు. ఆరు నెలలకు తెచ్చినవన్నీ బండిలో పెట్టమని ఎవరన్నారు?

గోదారిగట్టు:
158 పౌండ్లని బెదిరించేస్తే ఎలా నట్టుబోల్టు గారూ. మేము తొమ్మిదేళ్లుగా బండి బరువు తూయించనే లేదు. ఏమీ కాలేదు.

నట్టుబోల్టు:
తూయించలేదని గొప్పగా చెబుతున్నారా? టైరు పేలినప్పుడు తెలుస్తుంది.

గోదారిగట్టు:
మీ లెక్కలు కాగితం మీద బాగుంటాయి. నేను ఇందులో బతుకుతున్నాను.

బాటసారి:
ఇదే నేను చెప్పేది. మీరు బతుకుతున్నారు. తిరగడం లేదు. నవంబరులో సొరుగులు తెరుస్తారు, మార్చిలో మూస్తారు. ఏడాదికి రెండు ప్రయాణాలు చేసే బండికి పట్టీ ఎందుకు అరుగుతుంది, మోటారు ఎందుకు చెడుతుంది? మీది చక్రాలున్న ఇల్లు. ఈ అమ్మాయి షార్లెట్ నుంచి ఎల్లోస్టోన్ వెళ్తానంటోంది. రెండు వేల మైళ్లు పైనే. రాత్రికో ఊరు. పొద్దున మూయాలి, సాయంత్రం తెరవాలి. దారిలో ఏ దుకాణం ఆవరణలోనో ఒక రాత్రి పడుకుంటే తెరవడం మర్యాదా కాదు. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఆగినప్పుడు తెరవలేము. ఆమెకు మీ తొమ్మిదేళ్ల సలహా ఎందుకు పనికొస్తుంది?

గోదారిగట్టు:
అయ్యా, రాత్రికో ఊరు తిరిగి మీరు ఏం చూస్తారో నాకు అర్థం కాదు. పొద్దున ఒక కొండ, సాయంత్రం ఒక పెట్రోలు బంకు. మేము అక్కడ ఉన్నప్పుడు పక్క బండి వాళ్లు ఉగాది పచ్చడి అడిగి పెట్టించుకుంటారు. మా ఆవిడ కుండీల్లో గోంగూర వేసింది. ఇల్లు అమ్మేశాక ఇది ఇల్లే. మీ దగ్గర ఎవరైనా వచ్చి కూర్చునే చోటు ఉందా అసలు?

బాటసారి:
నాకు చోటుతో పని లేదు. ఇప్పుడున్నది 24 అడుగుల బండి, సొరుగు లేదు, ఎనిమిది నిమిషాల్లో బయలుదేరతాను. ఒక్కడికి సరిపోతుంది.

విశాలాక్షి:
ఒక్కరేనా? అమరిల్లోలో గిన్నెలతో నీళ్లు అందించిన ఆవిడ?

బాటసారి:
మొదటి బండిలో వచ్చేది. ఇందులో కాలు చాపుకునే చోటు లేదంటుంది. ఆల్బుకర్కీలో అమ్మాయి దగ్గర దింపి నేను వెళ్లివస్తాను. అది వేరే సంగతి.

విశాలాక్షి:
వేరే సంగతి కాదండీ. కొత్తబండి అడుగుతున్నది అదే.

గోదారిగట్టు:
నేను కొంచెం ఎక్కువ మాట్లాడాను, బాటసారి గారూ. ఈ చలికాలం ఇటు వస్తే మా దగ్గర ఆగండి. ఇద్దరూ రండి.

బాటసారి:
సరే. ఫ్రిజ్ సంగతి మాత్రం తేలలేదు.

రాత్రిబస్సు:
ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లు స్లైడ్‌ను చింపేస్తాయా?

నట్టుబోల్టు:
అది గుడ్డ గోడలున్న బండ్ల గొడవ. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర బండ్లు ఆగే చోట గట్టి గోడల బండ్లనే ఉండనిస్తారు. స్లైడ్ గోడ గట్టిదే. ఎలుగుల కంటే చెట్టు ప్రమాదం. పాత పార్కుల్లో ఆగే చోట్లు ఇరుకు. మీట నొక్కే ముందు ఒకరు దిగి, అటు కరెంటు స్తంభమో చెట్టో ఉందేమో చూడాలి. మా బావమరిది చూడలేదు.

కొత్తబండి:
ఈ రోజు మళ్లీ వెళ్లి వచ్చాము. బాటసారి గారి ఫ్రిజ్ ప్రశ్న గుర్తొచ్చి స్లైడ్ మూయించి, లోపల తిరిగాను. మూశాక సోఫా చేతికీ వంటగట్టుకూ మధ్య 14 అంగుళాలు. నాన్న నడుము కొలత తెలియక అక్కడి నుంచే గుంటూరుకు ఫోను చేశాను. వాళ్లకు రాత్రి పదకొండు దాటింది. అమ్మ, "ఇప్పుడు నడుము కొలతేమిటే, ప్యాంటు కొంటున్నావా?" అంది. బాత్రూముకు దారి అని చెప్పలేక ఊరుకున్నాను. 40 అంగుళాల నడుము. అడ్డంగా తిరిగితే పడతారు, కానీ అడ్డంగా అడుగులు వేయడం ఆ మోకాళ్లతో కుదరదు. దారిలో ఆగిన ప్రతిసారీ స్లైడ్ తెరిస్తే గాని నాన్న బాత్రూముకు వెళ్లలేరు. ఫ్రిజ్ తలుపు జానెడు తెరుచుకుంది.

తరువాత స్లైడ్ లేని దానిలో కూర్చున్నాము. మావారు, నేను, పిల్లలు, అమ్మే అతను, అంతే, ఊపిరి ఆడలేదు. చిన్నవాడు ఐదు నిమిషాల్లో ఏడుపు మొదలుపెట్టాడు.

శనివారం ఇంకో బండి వస్తుందట. 29 అడుగులు, వెనక పడకగదిలో మాత్రమే స్లైడ్, మంచం తల వైపు బయటికి జరుగుతుంది. బాత్రూము దారి దానికి ముందే ఉందట.

బాటసారి:
మూసి కొలవండి. కింద నేల మూలల్లో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అమ్మే అతను వద్దంటే ఇంకేమీ అడగక్కర్లేదు.

నట్టుబోల్టు:
బరువు చీటీ.

గోదారిగట్టు:
తెరిచి కూడా కొలవండి అమ్మా.