పాలు తాగని హైస్కూలు పిల్లలకు సంగటి, రాగిజావలతో కాల్షియం సరిపోతుందా?

ఉరవకొండ_సైన్స్:
8, 9, 10 తరగతుల పిల్లల్లో చాలామంది పొద్దున టీ తప్ప పాలు ముట్టరు. "ఇంట్లో సంగటి, బడిలో రాగిజావ ఉన్నాయి కదా సార్, చాలదా?" అని తల్లులు అడుగుతున్నారు. రోజుకు ఎంత కావాలి? మన తిండితో అంత వస్తుందా, లేక మాత్రలు వేయించాలా? అంకెలతో చెబితే తల్లిదండ్రుల మీటింగులో బోర్డు మీద రాసి చూపిస్తాను.

కడప_పోషణ:
ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 సిఫారసు ప్రకారం 13–15 ఏళ్లకు రోజుకు 1000 మి.గ్రా., 16–18కి 1050. వేగంగా ఎదిగే రెండేళ్లలోనే పెద్దయ్యాక ఉండే ఎముకలో దాదాపు నాలుగో వంతు చేరుతుంది. ఆడపిల్లలకు ఆ సమయం 12, 13 ఏళ్లకే వస్తుంది. "పదో తరగతి అయ్యాక చూద్దాంలే" అంటే వాళ్లకు ఆలస్యమైనట్టే.

100 గ్రా. రాగిపిండిలో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. బియ్యంలో లేనట్టే లెక్క. గ్లాసు బియ్యానికి రెండు గుప్పిళ్ల పిండి వేసి గెలికిన సంగటి పేరుకే రాగిసంగటి. ముద్ద ఎంత పెద్దదో కాదు, ఎంత నల్లగా ఉందో చూడమనండి. జావ కూడా అంతే: గ్లాసులో 15 గ్రా. పిండి ఉంటే వచ్చేది 50 మి.గ్రా.

బోర్డు మీదకు ఇది రాయండి: 60 గ్రా. పిండి పడిన సంగటి 210 మి.గ్రా. కాల్షియం, పాలు 200 మి.లీ. 240, గడ్డపెరుగు చిన్న గిన్నెడు 180, మునగాకు 50 గ్రా. 155, పొట్టు తీయని నువ్వులు రెండు చెంచాలు, అంటే 10 గ్రా., 125. మొత్తం 910. మిగతాది పప్పు, గుడ్డు, ఆకుకూరలతో నిండుతుంది. పల్చటి మజ్జిగను పెరుగు కింద వేయొద్దు. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోస్తే కాల్షియమూ నాలుగో వంతే. పల్లీ చిక్కీ మంచి తిండే గానీ కాల్షియం లెక్కకు రాదు.

ఉరవకొండ_సైన్స్:
పాలు అస్సలు తాగనివాళ్లకు నువ్వులు, పాలకూర పెంచితే సరిపోతుందా మేడమ్?

కడప_పోషణ:
పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్ ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పాలలో ఉన్నదాంట్లో మూడో వంతు దాకా ఒంటికి పడితే, పాలకూరలో ఇరవయ్యో వంతే. నువ్వుల పొట్టులోనూ ఆక్సలేట్ ఉంది, పొట్టు తీస్తే కాల్షియమే పోతుంది. కాబట్టి వాటి మీదే భారం వేయొద్దు. పాలు పడనివాళ్లకు పెరుగు పెంచండి. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, ఒకరోజు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం తగ్గి కాల్షియం బాగా అందుతుంది. మూట మధ్యమధ్య తడపాలి, కానీ నీళ్లు నిలవకూడదు. నిలిస్తే పులిసి వాసన వస్తుంది.

కర్నూలు_పిల్లల_వైద్యం:
మాత్రలు అందరికీ వద్దు, తిండి చాలనివాళ్లకు డాక్టరు చెబితేనే. 500 మి.గ్రా.కు మించి ఒకేసారి వేస్తే ఒంటికి పట్టేది తగ్గుతుంది. కాల్షియం కార్బొనేట్ రకం మాత్ర భోజనంతో వేయాలి. బడిలో ఇచ్చే నీలం ఐరన్ మాత్రకూ, పాలకూ, కాల్షియం మాత్రకూ కనీసం రెండు గంటల తేడా ఉంచండి, కలిస్తే ఐరన్ సరిగా పట్టదు. రక్తంలో కాల్షియం నార్మల్ అని వచ్చినా ధీమా వద్దు. లోటు వస్తే ఒళ్లు ఎముకలోంచి తీసి రక్తాన్ని సరిచేసుకుంటుంది. కాళ్లు వంకర, మోకాళ్లు తగులుకోవడం, మెట్లెక్కలేకపోవడం కనిపిస్తే విటమిన్ డి పరీక్ష అవసరం.

ఎండకు కరువులేని జిల్లాలే మనవి, కానీ పిల్లలు పొద్దంతా గదుల్లోనే ఉంటారు. కిటికీ అద్దంలోంచి పడే ఎండతో విటమిన్ డి తయారుకాదు. నీడ మనిషికన్నా పొట్టిగా ఉన్నప్పుడు పావుగంట, ముఖం, చేతులు, కాళ్లకు తగలాలి. వేసవి మండే ఎండలో మాత్రం వద్దు. ఆటల పీరియడ్‌లో ఖోఖో, తాడాట ఆడించండి. గెంతినప్పుడు పడే బరువుకే ఎముక గట్టిపడుతుంది.

ఇంకొకటి, బోరు నీళ్లు. మన జిల్లాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగకూడదు. కాల్షియం తక్కువున్న పిల్లల ఎముకలను అది ఇంకా పాడుచేస్తుంది. పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలున్న పిల్లలు ఎక్కువైతే బడి నీళ్ల నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.