పాత ఎల్‌నినో ఏళ్లను చూసి వచ్చే ఖరీఫ్ వానలు అంచనా వేయొచ్చా?

మాది అనంతపురం జిల్లా, వానాధారం ఎర్రనేల, వేరుశనగ వేస్తాం. మా నాయన 1994 నుంచి ప్రతి కార్తె వాననూ ఒక లెక్కల పుస్తకంలో రాస్తున్నాడు, "మృగశిర: ఒక పదును, ఆరుద్ర: తుంపర్లే, పుబ్బ: కుంటలోకి నీళ్లొచ్చినాయి" ఇట్లా (పదును అంటే నేల విత్తడానికి సరిపడా తడిసే వాన). అదంతా ఎక్సెల్‌లోకి ఎక్కించి, ఎల్‌నినో (పసిఫిక్ మహాసముద్రం నీళ్లు మామూలు కంటే వేడెక్కడం) వచ్చిన ఏళ్లతో పోల్చి వచ్చే సీజన్ ఎలా ఉంటుందో చూద్దామని మొదలుపెట్టాను.

2002, 2009లో ఎల్‌నినో, దేశమంతా కరువు, సరే. మరి 1997లో అంతకంటే చాలా బలమైన ఎల్‌నినో ఉన్నా దేశం మొత్తం మీద నైరుతి వాన సగటుకు 102 శాతం పడింది కదా! ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమటి వైపు నీళ్లు వేడెక్కడం కలిసొచ్చిందని అంటారు. అలా రెండూ సరిపోయే ఏళ్లనే ఏరుకుంటే చేతిలో రెండో మూడో మిగులుతున్నాయి. అంత తక్కువ ఏళ్లతో అంచనా వేస్తే నమ్మొచ్చా? పైగా పడమటి కనుమలు దాటి వచ్చేసరికి మాకు మేఘాలు పలచబడిపోతాయి, సెప్టెంబరు వానే దిక్కు, దేశం సగటుతో మాకు పొంతనే ఉండదు.

ఇలా పాత ఏళ్లతో పోల్చి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, జూన్–సెప్టెంబరు మొత్తం తీసుకోవాలా, నెలనెలా విడిగా చూడాలా చెప్పండి. పదునుల లెక్కను మిల్లీమీటర్లలోకి మార్చడం ఎలా? విత్తనం కొనేలోపు వేరుశనగ వేయాలా, కంది వేయాలా తేల్చుకోవాలి, నాయన రోజూ అడుగుతున్నాడు, నాకూ టెన్షన్‌గా ఉంది.