అప్‌డేట్: వెనక సస్పెన్షన్ చప్పుడు దొరికింది

కొత్తగా చదివేవాళ్లకు: మా ఏడు సీట్ల ఎస్‌యూవీలో వెనక వరుస నిండితే చాలు, స్పీడ్ బ్రేకర్ దిగగానే "టక్ టక్". సర్వీస్ సెంటర్‌వాళ్లు బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గర కుదుపు తీసుకునే రబ్బరు ముక్కలు) మార్చారు, షాక్ అబ్జార్బర్లు మార్చారు. కొన్నాళ్లకే చప్పుడు మళ్లీ మొదలు. ఆ బిల్లుల మాట ఎత్తకండి, బీపీ పెరుగుతుంది.

ఖమ్మంలో తెలిసిన మెకానిక్ బండిని లిఫ్ట్ ఎక్కించి, ట్రైలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని బాడీకి కలిపే చేయి) దగ్గర ఇనుప బార్ పెట్టి ఎత్తి చూపించాడు. షాక్‌లు పొడిగానే ఉన్నాయి, ఆయిల్ చెమ్మ లేదు. బుష్ రబ్బరు మాత్రం చుట్టూ చీలిపోయి, మధ్యలోని గొట్టం అటూ ఇటూ ఆడుతోంది. కిటుకంతా బిగింపులోనే ఉందన్నాడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. ఇక చిరగక ఏం చేస్తుంది! ఈసారి కొత్తవి వేసి, బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే పానా) బిగించాడు.

అందరం కలిసి సామానుతో సహా భద్రాచలం వెళ్లొచ్చాం, చప్పుడు లేదు. ఎడమవైపు వెనక కాస్త కిందికి కూర్చున్నట్టే ఉంది, స్ప్రింగ్ అలసిపోయిందట. రెండువైపులా జతగానే మార్చాలన్నాడు, ఆర్డర్ పెట్టాను.