అప్‌డేట్: మా అమ్మాయి వేసవి శిబిరం డైరెక్టరు సంస్మరణ సభ

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మా అమ్మాయి ఏడు వేసవులు గడిపిన ఆడపిల్లల శిబిరం డైరెక్టరు చనిపోయారని, సంస్మరణ సభలో ఏమి మాట్లాడాలో తోచడం లేదని పోయిన నెల మిమ్మల్ని అడిగాను. ‘ఆవిడ గొప్పతనం వర్ణించకండి, ఆవిడ చేసిన ఒక్క పని చెప్పండి’ అన్న సలహానే పాటించాం.

మా అమ్మాయే మాట్లాడింది. పదేళ్లప్పుడు నీళ్లంటే భయపడి రేవు మీద కూర్చుని ఏడుస్తుంటే, ఆవిడ దూకమని బలవంతపెట్టలేదు. పక్కనే కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టారు. అలా నాలుగు రోజులు! ఐదో రోజు పిల్ల తనంతట తానే దిగింది. ఇప్పుడు చిన్నపిల్లలకు పడవ నడపడం నేర్పుతోంది.

ఆవిడ పిల్లలకు షార్లెట్ గ్యూలిక్ గురించి తరచూ చెప్పేవారట. 1907లో సెబాగో సరస్సు ఒడ్డున భర్త లూథర్‌తో కలిసి ఆడపిల్లలకు శిబిరం పెట్టిన మనిషి. పని, ఆరోగ్యం, ప్రేమ అనే మాటలకు ఇంగ్లీషులో మొదటి రెండేసి అక్షరాలు కలిపి ‘వొహీలో’ అని పేరు పెట్టారు. ఎంత చక్కటి పేరో!

సభ చివర పాత విద్యార్థినులంతా తెడ్లు పట్టుకుని రేవు పొడవునా నిలబడ్డారు. నేను రాసుకెళ్లిన కాగితం విప్పనే లేదు.